తెలిసినవాళ్ళ సూది

మా ఆసుపత్రిలో తెలిసినవాళ్ళకి మాత్రమే జరిగే మర్యాద ఒకటుండేది. ఆపరేషన్ కోసం నడుములో మత్తు ఇచ్చేటప్పుడు వాళ్ళకి అందరి సూదీ వాడేవాళ్ళం కాదు. సాన బాబాయి విడిగా నూరి, గుడ్డలో చుట్టి, పక్కన పెట్టిన సూది వాడేవాళ్ళం. వంటగది ఆవిడ కూతురు కానీ, వార్డుబాయి బావమరిది కానీ, మనవాళ్ళెవరు ఆపరేషనుకి వచ్చినా ముందురోజు ఎవరో ఒకరు బాబాయి దగ్గరికి వెళ్ళి "కాస్త చూడు" అనేవారు. ఆయన తల ఊపేవాడు. ఇక ఆ విషయం ఎవరూ మళ్ళీ ఎత్తనక్కర్లేదు.

ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా ఉండేది కాదు. నేను నర్సుగా చేరేనాటికి ఆయనకి నిండా ముప్పై ఏళ్ళు లేవు, అయినా అప్పటికే ఊరందరికీ బాబాయే. ఆపరేషన్ థియేటర్ పక్కన సామాను కడిగే గది ఆయన రాజ్యం. ఆ రోజుల్లో సూదులు ఒకసారి వాడి పారేసేవి కావు. కడిగి, మరిగించి, మళ్ళీ మళ్ళీ వాడేవాళ్ళం. నడుము సూది వేలెడు పొడుగుంటుంది. పది పన్నెండు మందికి వాడేసరికి కొస అరుగుతుంది, ఎముకకి తగిలితే వంకరపోతుంది. దాన్ని మళ్ళీ దారికి తేవడం బాబాయి పని. అరచెయ్యంత నల్లటి సానరాయి, దాని మీద రెండు చుక్కల నూనె, కంటికి భూతద్దం. నూరి, స్పిరిట్‌తో కడిగి, కొసని దూది మీద గీసేవాడు. ఒక్క పోగు అంటుకుని వచ్చినా సూది మళ్ళీ సాన మీదికే. తొందరపెడితే ఒంటికాలి మీద లేచేవాడు. "గుచ్చేది నీ నడుములో అయితే ఇట్లాగే తొందరపడతావా సిస్టరమ్మా" అనేవాడు.

తెలిసినవాళ్ళ సూదికి కొస ఇంకా ఏటవాలుగా, పొడుగ్గా తీసేవాడు. అది దిగిన సంగతి రోగికే తెలిసేది కాదు. అప్పటి పెద్ద మత్తు డాక్టరుగారు ఒకసారి "బాబాయి సూది మాగిన పండులో దిగినట్టు దిగుతుందయ్యా" అన్నారు. ఆ ముక్క మాకందరికీ బాబాయి ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. పొగరు అంటే పొగరే. కానీ పని వచ్చినవాడి పొగరు, నేనెప్పుడూ తప్పుపట్టలేదు.

ఆయనకి ఒక్కతే చెల్లెలు. తల్లి తొందరగా పోవడంతో జడ వేయడం దగ్గర్నుంచి తానే చేసి పెంచాడు. తొలికాన్పుకి ఆ అమ్మాయిని మా దగ్గరికే తీసుకొచ్చాడు. బిడ్డ అడ్డంగా ఉంది, కోసి తీయాలన్నారు. ముందురోజు మధ్యాహ్నమంతా బాబాయి ఒకే ఒక్క సూది నూరాడు. నేను పక్కనే పళ్ళాలు సర్దుతున్నాను. చివరికి దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టి నన్ను పిలిచి చూపించాడు. తన చేత్తో ఇంతకన్నా మంచిది రాదన్నాడు. నిజమే, అంతటి పదును నేను మళ్ళీ చూడలేదు.

ఆడపిల్ల పుట్టింది. సూది గుచ్చినప్పుడు ఆ అమ్మాయి ఉలిక్కిపడను కూడా లేదు, "అయిపోయిందా?" అని నన్నే అడిగింది. తలుపు అద్దంలోంచి చూస్తున్న బాబాయి మురిసిపోయాడు. రెండోరోజు మేం ఆమెని లేపి కూర్చోబెట్టగానే రెండు చేతులతో తల పట్టుకుంది. మెడ వెనక నుంచి నుదుటిదాకా ఎవరో పట్టి కిందికి లాగుతున్నట్టుందంది. పడుకోబెడితే పోయింది. మాకది కొత్తేమీ కాదు. మత్తు తలనొప్పి అంటాం. దిండు తీసేసి పడుకోబెట్టి నీళ్ళు తాగిస్తాం, మూడు రోజుల్లో పోతుందని చెప్తాం. ఆ మూడు రోజుల లెక్క పుస్తకంలో ఉందో, ఏ పెద్ద సిస్టరు నోట్లోంచి ఊడిపడిందో నాకు ఇప్పటికీ తెలియదు. అందరూ అనేవాళ్ళు, మేమూ అనేవాళ్ళం.

ఆమెకి మూడు రోజుల్లో పోలేదు. ఎనిమిదోరోజు ఇంటికి వెళ్ళేటప్పుడు కూడా గేటుదాకా ట్రాలీ మీద పడుకునే వెళ్ళింది. మహారాణిలా ఊరేగుతున్నావు, ఇంటికెళ్ళాకైనా లే తల్లీ అని నేనే నవ్వాను. సరదాకే అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా నాలుక నాకే చేదుగా ఉంటుంది.

అత్తగారింట్లోనూ లేవలేదు. పడుకున్నంతసేపూ బాగానే ఉండేది, కబుర్లు చెప్పేది, నవ్వేది కూడా. పాపాయి ఏడిస్తే లేచి కూర్చుని చేతులు చాపేది. రెండే నిమిషాలు. ముఖం తెల్లబడేది, చెవుల్లో హోరనేది, కడుపులో తిప్పి, బిడ్డని ఎవరి చేతుల్లోనో పెట్టి వాలిపోయేది. వాలగానే తేరుకునేది. చూసేవాళ్ళకి ఎలా ఉంటుంది చెప్పండి? పని పడితే వచ్చి, పడుకుంటే పోయే తలనొప్పిని ఎవరు నమ్ముతారు? అత్తగారు ఇరుగుపొరుగుతో చెప్పుకుని నవ్వింది. నాతో చెప్పినా నవ్వేదాన్నే. అయినా ఆవిడకి మనసులో ఏదో పీకుతూనే ఉండి, ఒకరోజు బాబాయికి కబురుపెట్టింది. ఆసుపత్రి మనిషివి, ఇది రోగమో నాటకమో నువ్వే తేల్చమంది.

బాబాయి వెళ్ళాడు. చెల్లెలు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అత్తగారూ భర్తా గుమ్మంలో నిలబడ్డారు. మీ ఆసుపత్రి సూదివల్ల కాదు కదా అని ఆవిడ అడిగింది. బాబాయికి పౌరుషం వచ్చింది. ఆ రోజు తానేమన్నాడో ఎన్నో ఏళ్ళ తర్వాత నాకు అక్షరం పొల్లుపోకుండా ఆయనే చెప్పాడు.

"ఆ సూది నేను నూరాను. దానివల్ల ఏమీ రాదు. వచ్చినా మూడు రోజులు. ఆ తర్వాతది మాది కాదు."

చెల్లెలు ఇటు తిరగలేదట. "లేస్తేనే వస్తోంది అన్నయ్యా" అని గోడతోనే అందట.

నలభై రోజులకి ఆ నొప్పి తనంతట తనే పోయింది. అప్పటికి పాలు ఇంకిపోయాయి. పాపాయి నాయనమ్మ ఒడికీ పాలసీసాకీ అలవాటుపడి, తల్లి ఎత్తుకుంటే ఏడ్చేది. ఇంట్లో ఆమెకి దొంగ తలనొప్పి అని పేరు పడింది. నొప్పి పోయింది కానీ పేరు పోలేదు. జ్వరమొస్తే "మళ్ళీ మొదలెట్టింది" అనేవాళ్ళు, కాలు బెణికినా అదే మాట. పిల్లకి ఆరో ఏట ఆమెకి కడుపునొప్పి వచ్చింది. రెండు రోజులు చెప్పింది. మూడోరోజు మా దగ్గరికి తెచ్చేసరికి లోపల పేగు చిల్లిపడి విషం ఒళ్ళంతా పాకింది. థియేటర్ గుమ్మంలో ట్రాలీ ఆగినప్పుడు బాబాయి ఎదురొచ్చాడు. ఆమె ఆయన చొక్కా అంచు పట్టుకుంది. నేను తల దగ్గరే ఉన్నాను.

"ఈసారి నిజమే అన్నయ్యా" అంది.

బల్ల మీద నుంచి ఆమె మళ్ళీ లేవలేదు.

తండ్రి ఇంకో పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళిపోయాడు. పిల్ల నాయనమ్మ దగ్గర పెరిగింది. బాబాయి పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. ఆదివారం వచ్చిందంటే మేనకోడలి దగ్గర ఉండాల్సిందే. ఆ పిల్లకి పెళ్ళయ్యాక, నాయనమ్మ పోయాక కూడా ఆ ఆనవాయితీ తప్పలేదు. ఆ పిల్లకి మామయ్య అంటే ప్రాణం. తల్లి అంటే మాత్రం ఎత్తిపొడుపే. నాయనమ్మ నూరిపోసిన కథ అలాంటిది మరి: మీ అమ్మకి నిన్ను ఎత్తుకునే ఓపిక లేకపోయింది, మంచం దిగితే కదా. తనకి ఎప్పుడైనా పొద్దున లేవబుద్ధి కాకపోతే "అమ్మ పోలిక" అనేది నవ్వుతూ. బాబాయి కూడా నవ్వేవాడు. చెల్లెలి మీద ఆయనకి జాలి ఉండేది, అంతే. తన మాట తప్పయ్యుంటుందని ఒక్కనాడూ అనుకోలేదు.

మధ్యలో ఒకసారి వాడి పారేసే సూదులొచ్చాయి. సానరాయి అటకెక్కింది. బాబాయిని గుడ్డలు, పళ్ళాలు కట్టే పనిలో వేశారు. ఏళ్ళు గడిచాయి. కొత్తగా ఒక మత్తు డాక్టరమ్మ చేరింది, చిన్న వయసు, చకచకా మాట్లాడుతుంది. వచ్చిన నెలలోనే పాత రకం నడుము సూదులు ఆపించి కొత్త రకం తెప్పించింది. మాకందరికీ ఒక మధ్యాహ్నం చూపించింది. కొస చెక్కిన పెన్సిల్‌లా గుండ్రంగా ఉంది, రంధ్రం కొసకి కాక పక్కకి ఉంది. బాబాయి దాన్ని తీసుకుని, అలవాటు కొద్దీ దూది మీద గీసి, పెదవి విరిచాడు. ఇది మొద్దుదండీ, నాకిస్తే నూరి ఇచ్చేవాణ్ణి కదా అన్నాడు. అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వి, మొద్దుగా ఉండటమే దీని గొప్పతనం బాబాయిగారూ అంది.

పలుచటి గుడ్డ ఒకటి గిన్నె మూతికి బిగించి కట్టింది. ముందు పాత సూది గుచ్చింది, పక్కనే కొత్తది గుచ్చింది. గుడ్డ విప్పి కిటికీకి అడ్డంగా పట్టుకుంది. పాతది గుచ్చిన చోట పోగులు తెగి, చిన్న చీలిక తెరుచుకుని వెలుతురు కనిపిస్తోంది. కొత్తది గుచ్చిన చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. పోగుల్ని కోయకుండా పక్కకి తోసుకుని వెళ్ళింది, బయటికి రాగానే అవి మళ్ళీ దగ్గరపడ్డాయి. వెన్ను చుట్టూ నీళ్ళని పట్టి ఉంచే పొర కూడా ఇలాంటి పోగులదేనని చెప్పింది. నున్నగా తెగిన చీలిక తొందరగా మూసుకోదు, అందులోంచి నీళ్ళు కారిపోతూనే ఉంటాయి. మెదడు ఆ నీళ్ళలో తేలుతూ ఉండాలి. నీళ్ళు తగ్గితే మనిషి లేచినప్పుడల్లా అది కిందికి జారి లోపలి పొరల్ని లాగుతుంది. పడుకుంటే ఆ లాగుడు ఉండదు.

బాబాయి అడిగాడు, ఎన్నాళ్ళుంటుందండీ అని.

"చాలామందికి వారంలో పోతుంది. కొందరికి నెల దాటుతుంది. లేస్తే రావాలి, పడుకుంటే పోవాలి. దాని గుర్తే అది" అంది డాక్టరమ్మ.

పొడుగ్గా, బాగా పదునుగా నూరిన సూదయితే అని ఆయన మళ్ళీ అడిగాడు. ఎందుకు అడుగుతున్నాడో ఆమెకేం తెలుసు? కోసే అంచు ఎంత పొడుగుంటే చీలిక అంత పొడుగవ్వచ్చంది. పాత సూదులు లావుగా కూడా ఉండేవి కాబట్టి అంతా పదును మీదే తోయలేమని కూడా చెప్పింది. మరీ ఎక్కువైతే ఇప్పుడు రోగి రక్తమే కాస్త తీసి ఆ చోట ఎక్కిస్తామనీ, చాలామంది ఆ పూటే లేచి కూర్చుంటారనీ అంది. మాటలు చెవిన పడుతున్నాయి కానీ నా కళ్ళు బాబాయి మీదే ఉన్నాయి. ఆయన ఎత్తు స్టూలు మీద మెల్లగా కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ చేతుల్నే చూసుకుంటున్నాడు.

అప్పట్నుంచి ఆయన మునుపటి మనిషి కాడు. పని మానలేదు, పళ్ళాలు కట్టేవాడు, అడిగినదానికి జవాబు చెప్పేవాడు. కానీ మధ్యలో ఉన్నట్టుండి నా దగ్గరికొచ్చి, వంటగది ఆవిడ కూతురికి అప్పట్లో తలనొప్పి వచ్చిందా అని అడిగేవాడు. వచ్చింది. వార్డుబాయి బావమరిదికి? అతనికీ వచ్చింది, వారం రోజులు దుకాణం తెరవలేదు. అందరికీ వచ్చిందని చెప్పలేను, అందరూ గుర్తులేరు. గుర్తున్నవాళ్ళే ఆయనకి సరిపోయారు. కోరి నూరిన సూది, కావలసినవాళ్ళకి. ఎవరిని ప్రేమగా చూశానో వాళ్ళనే ఎంచి ఎంచి పడుకోబెట్టానని లెక్క తేల్చుకున్నాడు. అలా కాదని నేను ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కించుకోలేదు.

వరండాలో ఖాళీ ట్రాలీ ఉంటే దాన్ని గబుక్కున తోసేవాడు కాదు. ముందు దుప్పటి సర్ది, "కదుపుతున్నాను" అని నెమ్మదిగా చెప్పి అప్పుడు తోసేవాడు. దాని మీద ఎవరూ లేరు. నేను కళ్ళారా చూశాను. పట్టపగలు, మనుషులు తిరుగుతుండగానే అలా చెప్పేవాడు. ఒకరోజు భోజనాల వేళ కడిగే గది తలుపు తోస్తే బాబాయి నేల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడ్డాను. ఏం లేదన్నాడు. కప్పు చూస్తూనే మాట్లాడాడు.

"ఇక్కణ్ణుంచి చూస్తే అందరూ పైనుంచే మాట్లాడతారు సిస్టరమ్మా. నేనూ ఆ రోజు కూర్చోలేదు. నిలబడే చెప్పాను."

నాకు కోపమొచ్చింది. ఆయన మీదో, నా మీదో తెలియదు. చచ్చినదాని కోసం నేల మీద పొర్లడం దేనికి, బతికున్న పిల్ల తల్లిని తిట్టుకుంటోంది, వెళ్ళి దానికి చెప్పు అని గట్టిగా కేకలేశాను. చెప్తే ఆ పిల్ల కూడా తనకి కాకుండా పోతుందన్నాడు. ఆయనకి ఆ పిల్ల తప్ప ఇంకెవరూ లేరు, నాకు తెలుసు. అయినా ప్రతి సోమవారం చెప్పావా అని అడిగేదాన్ని. నోటిదాకా వచ్చిందనేవాడు, పోనీ వచ్చే వారమనేవాడు.

ఇంతలో ఆ పిల్ల నీళ్ళోసుకుంది. నెలలు నిండేకొద్దీ దానికో భయం పట్టుకుంది. బిడ్డని ఎత్తుకోని తల్లి కడుపున పుట్టాను, నాకు మాత్రం ఎత్తుకోవాలనిపిస్తుందో లేదో అని అన్నం వడ్డిస్తూ అందట. బాబాయి వినేసి, కలిపిన ముద్ద నోట్లో పెట్టుకున్నాడట. ఈ మాట నాతో చెప్పి ఏడ్చాడు. నేను ఓదార్చలేదు.

కాన్పు కష్టమై దానికీ కోయాల్సి వచ్చింది. డాక్టరమ్మ కొత్త సూదితోనే మత్తిచ్చింది. బాబాయి ఆ వైపుకే రాలేదు. మగపిల్లాడు. రెండోరోజు పొద్దున్న నేను వార్డుకి వెళ్ళేసరికి పిల్ల మంచం మీద నిటారుగా కూర్చుని, బిడ్డని ఒళ్ళో వేసుకుని, పాలిస్తోంది. తలనొప్పి లేదు, ఏమీ లేదు. కుట్లు లాగుతున్నాయంది, అంతే. బాబాయి వేడినీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని మంచం కాళ్ళ దగ్గర నిలబడి, ఆ కూర్చోవడం వంకే చూస్తున్నాడు.

"చూశావా మామయ్యా" అంది పిల్ల సంతోషంగా. "నాకూ అదే కోత, అదే సూది. రెండోరోజే లేచి కూర్చున్నాను. ఇన్నాళ్ళూ అమ్మని ఏమైనా అంటే మనసులో ఎక్కడో తప్పనిపించేది. ఇక అనిపించదు. నాయనమ్మ చెప్పింది నిజమే."

బాబాయి ఫ్లాస్కు కింద పెట్టాడు.

"అదే సూది కాదు తల్లీ" అన్నాడు.

ఈసారి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మొత్తం చెప్పాడు. సానరాయి, ఏటవాలు కొస, పొరలో చీలిక, గుమ్మంలో నిలబడి తానన్న మాట, థియేటర్ దగ్గర చెల్లెలన్న మాట. ఏదీ తగ్గించలేదు, తన తరఫున ఒక్క ముక్క కలపలేదు. నేనూ ట్రాలీ దగ్గర నవ్విన సంగతి చెప్పాను. పిల్ల నా వైపు చూడలేదు.

అమ్మ నా కోసం లేచేదా అని అడిగింది. నువ్వు ఏడ్చినప్పుడల్లా లేచేదన్నాడు. ఎంతసేపు? రెండు నిమిషాలు. పిల్ల బిడ్డ తల నిమిరింది. ఆ తర్వాత, నీకిది ఎప్పట్నుంచి తెలుసు అని అడిగింది.

"ఏడాదిన్నర" అన్నాడు బాబాయి.

"అప్పుడు తెలియక అన్నావు, సరే. ఈ ఏడాదిన్నరా నేను అమ్మని అన్నవన్నీ విన్నావు. విని అన్నం తిన్నావు."

అయిపోయింది, ఈయనకి ఈ గుమ్మం మూసుకుపోయిందనుకున్నాను. పిల్ల ఏడవలేదు. ఇంకో పక్కకి బిడ్డని మార్చుకుని, తల ఎత్తకుండానే చెప్పింది.

"ఆదివారం రా మామయ్యా. వచ్చినప్పుడల్లా అమ్మ గురించి నాకు తెలియనిది ఒకటి చెప్పు. ఆ ఇంట్లో నాకెవరూ ఏమీ చెప్పలేదు. చెప్పడానికేం లేని రోజు రాకు."

వెళ్తున్నాడు. రెండేళ్ళయింది. చెల్లెలు ఎడమచేత్తో రాసేదని చెప్పాడు, ఎంత కొట్టినా మానలేదని. అద్దె సైకిల్‌తో మురుగుకాలవలో పడి, సైకిల్‌కేమీ కాలేదు కదా అని అడిగిందని చెప్పాడు. మగపిల్లల్లా ఈల వేసేది. ఆయన చొక్కాకి బొత్తాలు కుడితే ఒకటి ఎప్పుడూ ఎగుడుదిగుడే. చీకట్లో మెట్లు దిగుతూ గట్టిగా లెక్కపెట్టేది. ఏ వారం ఏం చెప్పాలో శనివారం వచ్చి నాతో అనుకుని వెళ్తాడు, ఇది చెప్పేశానా అని నన్నే అడుగుతాడు. పిల్ల అన్నం పెడుతుంది, వింటుంది, ఒక్కోసారి నవ్వుతుందట. మునుపటిలా నవ్వుతుందా అని నేనడగలేదు.

మొన్న మళ్ళీ వచ్చాడు. రిటైరైనా ఆయనకి కడిగే గదిలో కూర్చోవడమే అలవాటు. నేను పళ్ళాలు సర్దుకుంటున్నాను.

"అయిపోయాయి సిస్టరమ్మా" అన్నాడు. "ఎంత తవ్వినా రావట్లేదు. అది మంచం మీద పడుకున్న రోజులవే మిగిలాయి."

అంత బాధపడటం దేనికి, ఏదో ఒకటి కల్పించి చెప్పు, ఆ పిల్లకేం తెలుస్తుంది అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు.

"మా చెల్లి మీద ఆ రోజు ఒక అబద్ధం చెప్పాను" అన్నాడు. "చాలదా?"

ఆ రోజు శనివారం.